చెవి వెనుక అయస్కాంతం: చర్మం కింద ఎంత లోతు? ఇంట్లో ఎంత జాగ్రత్త?

(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో రోగుల కుటుంబాల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశాలలో ఒక నర్సు చేసిన ప్రసంగం)



నేను డాక్టరును కాను, నర్సును. ఆపరేషను ఎలా చేయాలో చెప్పటానికి రాలేదు. ఆపరేషను అయిపోయి, కుట్లు మానిపోయి, బిడ్డ ఇంటికి వచ్చిన తరువాత మీ చేతుల్లో మిగిలే పని ఒకటుంది. దాని గురించి మాట్లాడటానికి వచ్చాను.

పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను గురించి మీలో చాలామంది విన్నారు. కొందరు చేయించారు, కొందరు చేయించబోతున్నారు. ఆ ఆపరేషనులో చెవి వెనుక చర్మం కింద ఒక చిన్న అయస్కాంతం పెడతారు. ఈ మాట చెప్పగానే తల్లులు అడిగే మొదటి ప్రశ్న ఇది: "సిస్టరమ్మా, ఆ అయస్కాంతం ఎంత లోతుకు ఉంటది? మెదడుకు తగుల్తదా?"

మంచి ప్రశ్న. తగలదు. అది చర్మానికి కింద, పుర్రె ఎముకకు పైన ఉంటుంది. సర్జన్ ఎముకను కొద్దిగా అరగదీసి పరికరం కదలకుండా కూర్చునేలా చోటు చేస్తారు. అందులోనుంచి సన్నని తీగ ఒకటి లోపలి చెవిలోకి, నత్తగుల్లలా చుట్టుకొని ఉండే కాక్లియా అనే భాగంలోకి వెళుతుంది. మెదడులోకి ఏదీ వెళ్ళదు.

ఈ అయస్కాంతం ఎందుకు?

చెవి యంత్రం అంటే మనకు తెలిసింది శబ్దాన్ని పెద్దది చేసి చెవిలోకి పంపేది. లోపలి చెవిలో వినికిడి కణాలు బాగా దెబ్బతిన్న పిల్లలకు అది చాలదు. కాక్లియర్ ఇంప్లాంట్ వేరు. చెవి వెనుక తగిలించే ప్రాసెసర్, అంటే మీరు మిషను అని పిలిచేది, శబ్దాన్ని పట్టుకొని సంకేతాలుగా మారుస్తుంది. దాని వైరు చివర బిళ్ళలాంటి కాయిల్ ఉంటుంది. ఈ కాయిల్ రేడియో తరంగాల ద్వారా సంకేతాన్నీ కరెంటునూ చర్మం గుండా లోపలి పరికరానికి పంపుతుంది. లోపలి పరికరం వినికిడి నరాన్ని నేరుగా ప్రేరేపిస్తుంది.

కాయిల్ సరిగ్గా లోపలి పరికరం మీదనే నిలబడాలి. దాన్ని నిలబెట్టటానికే రెండు అయస్కాంతాలు: ఒకటి చర్మం కింద, ఒకటి బయటి కాయిల్‌లో. మధ్యలో ఉండేది బిడ్డ చర్మం. చర్మానికి రంధ్రం ఉండదు, లోపలికి వైరు పోదు. ఒకప్పుడు కొన్ని పరికరాలకు చర్మం గుండా బయటికి వచ్చే ప్లగ్గు ఉండేది. అక్కడ చీము పట్టే భయం ఉండేది. తలకు పట్టీ కట్టి కాయిల్‌ను నిలబెట్టిన రోజులు కూడా ఉన్నాయి. 1980లలో అయస్కాంతం వచ్చాక ఆ బాధలు తగ్గాయి.

ఎంత లోతు ఉండాలి?

ఇదిగో, నా చేతిలో ఉన్నది దర్జీలు సూదులు ఏరుకునే అయస్కాంతం. ఈ చీర కొంగు ఒక్క పొర మీద పెట్టి కింద గుండుసూది ఉంచుతున్నాను. చూడండి, గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు కొంగును నాలుగు మడతలు పెడుతున్నాను. పట్టు సడలింది. ఎనిమిది మడతలు పెట్టాను, సూది పడిపోయింది. అయస్కాంతం మారలేదు, సూది మారలేదు. మధ్యలో మందం పెరిగింది, అంతే. దూరం కొద్దిగా పెరిగినా అయస్కాంతం బలం చాలా త్వరగా పడిపోతుంది.

బిడ్డ తల మీద కూడా ఇదే జరుగుతుంది. లోపలి అయస్కాంతం పైన చర్మం మందం సుమారు 6, 7 మిల్లీమీటర్లు మించకూడదన్నది సర్జన్లు చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. నాలుగైదు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చితే దాదాపు అంత. పరికరాన్ని బట్టి ఈ లెక్క కొంచెం అటూ ఇటూ మారుతుంది. పెద్దవారిలో చర్మం మందంగా ఉంటే, వెంట్రుకల కుదుళ్ళు, రక్తనాళాలు పాడుకాకుండా లోపలివైపు నుంచి కొవ్వును కొద్దిగా పలుచన చేస్తారు. చిన్నపిల్లల్లో చర్మం సాధారణంగా పలుచగానే ఉంటుంది కనుక ఆ అవసరం తక్కువ.

మరి ఎంత పలుచగా ఉంటే అంత మంచిదా? కాదు, అసలు చిక్కు అక్కడే ఉంది. మంచం పట్టిన పెద్దవారికి నడుము మీద, మడమల మీద పుండ్లు పడటం మీలో చాలామంది చూశారు. కారణం ఏమిటి? మంచానికీ ఎముకకూ మధ్య చర్మం నలిగి, అక్కడికి రక్తం రాదు. రక్తం రాని చర్మం చచ్చిపోతుంది. అందుకే రెండు గంటలకొకసారి పక్కకు తిప్పమని చెబుతాము. రెండు అయస్కాంతాల మధ్య ఉన్న చర్మం పరిస్థితి కూడా అదే. మరీ పలుచని చర్మం మీద మరీ బలమైన అయస్కాంతం పెడితే, అది పగలంతా నొక్కుకొని ఉంటే, మొదట ఎర్రబడుతుంది. తరువాత గుంట పడుతుంది. తరువాత పగులుతుంది. పగిలిన చోటునుంచి క్రిములు లోపలి పరికరం దాకా పోతే, ఒక్కొక్కసారి మొత్తం పరికరాన్ని తీసివేయవలసి వస్తుంది.

మందం ఎక్కువైతే కాయిల్ పడిపోతుంది. పట్టు ఎక్కువైతే చర్మం పోతుంది. ఈ రెండింటి మధ్యనే మన దారి. లోపలి లోతును సర్జన్ ఆపరేషను రోజునే నిర్ణయిస్తారు. తరువాత మార్చగలిగేది బయటి అయస్కాంతం బలాన్ని మాత్రమే. వాటిలో తక్కువ బలం నుంచి ఎక్కువ బలం దాకా రకాలున్నాయి. కాయిల్‌ను పడకుండా నిలబెట్టగల వాటిలో అన్నిటికంటే తక్కువ బలమున్నది సరైనది.

నా తప్పు ఒకటి చెబుతాను

చాలా ఏళ్ళ కిందటి మాట. మిర్యాలగూడ వైపు పల్లెనుంచి ఒక తల్లి జ్వరంతో ఉన్న చిన్న కొడుకును మా వార్డుకు తీసుకొచ్చింది. తండ్రి రైసుమిల్లులో హమాలీ. వెంట మూడు నాలుగేళ్ళ పెద్ద పిల్ల ఉంది. ఆ పిల్లకు హైదరాబాదులో ఈ ఆపరేషను అయింది. చెవి వెనుక మిషను ఉంది.

"సిస్టరమ్మా, బిళ్ళ ఊకె కింద పడుతుండె. మా తమ్ముడు ఎవరినో అడిగి వేరే అయస్కాంతం తెచ్చి పెట్టిండు. ఇప్పుడు మంచిగ పట్టుకుంటుంది. గని ఆడ ఎర్రగ అయింది, జర చూడు" అంది. చూశాను. ఎండాకాలం. రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా ఉంది. "చెమటకాయలమ్మా, పౌడరు వేయి, తగ్గిపోతుంది" అన్నాను. నా ధ్యాసంతా జ్వరం ఉన్న పిల్లవాడి మీదనే ఉంది. కాయిల్‌ను తీయించలేదు. ఆ చోటును వేలితో నొక్కి చూడలేదు. అయస్కాంతం ఎవరు మార్చారని మళ్ళీ అడగలేదు.

రెండు వారాలు కాకముందే ఆ తల్లి తిరిగి వచ్చింది. చర్మం పగిలి నీరు కారుతోంది. వెంటనే మిషను తీయించి, ఆపరేషను చేసిన చోటికి పంపించాము. అక్కడివారు మందులు వాడి, పుండు పూర్తిగా మానేవరకు కాయిల్ పెట్టవద్దన్నారు. పరికరం తీయవలసిన అవసరం రాలేదు. అది ఆ బిడ్డ అదృష్టం. కాని నెలకు పైగా ఆ పిల్లకు శబ్దం లేదు. ఆపరేషను తరువాత పిలిస్తే తిరిగి చూడటం, "అమ్మ" అనటం అప్పుడప్పుడే నేర్చుకుంది. తల్లి మా వరండాలో కూర్చొని వెనుకనుంచి పిలిచింది. పిల్ల తిరగలేదు. తల్లి నా వైపు చూసింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

ఆ రోజునుంచి ఏ బిడ్డ చెవి వెనుక బిళ్ళ చూసినా, ముందు దాన్ని తీసి కింద చర్మం చూస్తాను. నర్సునైన నేనే పొరపాటు పడ్డాను. మీరు పడకూడదనే ఈ సంగతి చెప్పాను.

ఇంట్లో రోజూ చేయవలసినవి

1. రాత్రి పడుకునే ముందు మిషను తీయండి. నిద్రలో చర్మానికి విశ్రాంతి కావాలి.

2. తీసిన వెంటనే దీపం వెలుతురులో ఆ చోటును చూడండి, వేలితో తాకండి. కొద్దిపాటి ఎరుపు కాసేపటికి పోతే భయం లేదు. తెల్లవారినా ఎరుపు ఉంటే, గుంట పడితే, వాచితే, వేడిగా ఉంటే, నొప్పి అంటే, పొక్కు వస్తే కాయిల్ పెట్టకండి. ఆపరేషను చేసిన ఆస్పత్రికి వెళ్ళండి. మాటలు రాని పిల్లలు నొప్పి చెప్పలేరు. మిషను పెట్టబోతే తల తిప్పుకుంటారు, పెట్టిన వెంటనే పీకేస్తారు. దాన్ని మొండితనం అనుకోవద్దు.

3. బిళ్ళ పడిపోతుంటే మీరే బలమైన అయస్కాంతం తెచ్చి పెట్టకండి. వేరే పిల్లలది అడిగి తీసుకోకండి. రబ్బరు బ్యాండుతో, గుడ్డతో బిగించి కట్టకండి. అక్కడ వెంట్రుకలు ఒత్తుగా ఉంటే కత్తెరతో పొట్టిగా కత్తిరిస్తే తరచుగా సరిపోతుంది. మిషను పోకుండా చొక్కాకు తగిలించే క్లిప్పు దారం వాడండి.

4. తలకు నూనె రాస్తే ఆ చోటు తుడిచి, ఆరిన తరువాతనే కాయిల్ పెట్టండి. ఇనుప పిన్నులు అక్కడ పెట్టవద్దు, అయస్కాంతానికి అంటుకుంటాయి. గుండు గీయించేటప్పుడు మంగలికి ముందే చెప్పండి. చెవి వెనుక మచ్చ మీద కత్తి గీసుకోకూడదు.

5. పిల్లలు ఎదుగుతారు, తల చర్మం కూడా మందమవుతుంది. నిరుడు సరిపోయిన అయస్కాంతం ఈ ఏడు చాలకపోవచ్చు. మ్యాపింగుకు వెళ్ళిన ప్రతిసారీ అయస్కాంతం పట్టును కూడా చూడమని అడగండి.

6. తల మీద దెబ్బ తగిలి ఆ చోటు వాచితే కాయిల్ పెట్టకుండా చూపించండి. ఆపరేషను అయిన వెంటనే కూడా వాపు ఉంటుంది. అందుకే మిషనును మొదటిసారి ఆన్ చేయటానికి మూడు, నాలుగు వారాలు ఆగమంటారు. "లక్షలు పెట్టి చేయించినా వినపడుతలేదు" అని ఆ మూడు వారాల్లో దిగులుపడవద్దు.

7. మిషనులోని చిన్న బిళ్ళ బ్యాటరీలను, విడి అయస్కాంతాలను పిల్లలకు అందనివ్వకండి. మింగితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకురండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్న తాతయ్యలు, నానమ్మలు ఈ అయస్కాంతాన్ని ఛాతీ దగ్గర, చొక్కా జేబులో పెట్టుకోవద్దు. కనీసం జానెడు దూరంలో ఉంచండి.

ఎం.ఆర్.ఐ. స్కానింగ్ అంటే ఆగండి

తలలో అయస్కాంతం ఉన్నవారిని అడగకుండా ఎం.ఆర్.ఐ. గదిలోకి పంపకూడదు. ఆ యంత్రమే పెద్ద అయస్కాంతం. అది లోపలి అయస్కాంతాన్ని లాగి పక్కకు తిప్పగలదు. చాలా నొప్పి వస్తుంది. మళ్ళీ ఆపరేషను చేసి సరిచేయవలసి రావచ్చు. కొన్ని పరికరాలకు తల చుట్టూ గట్టి కట్టు కట్టి తక్కువ శక్తి స్కానింగులో చేయవచ్చు. కొన్నింటిలో ముందుగా అయస్కాంతాన్ని తీయాలి. లోపల తిరిగే అయస్కాంతం ఉన్న కొత్త రకాలకు తీయకుండానే చేయవచ్చు. మీ బిడ్డది ఏ రకమో కంపెనీ ఇచ్చిన కార్డులో ఉంటుంది. ఎక్స్‌రేకు, సీటీ స్కానింగుకు ఈ అయస్కాంతం వల్ల ప్రమాదం లేదు. బయటి మిషను తీస్తే చాలు.

మన సూర్యాపేట, కోదాడ మీదుగా హైదరాబాదు - విజయవాడ హైవే పోతుంది. ఆ రోడ్డు మీద ప్రమాదాలు మనకు కొత్త కాదు. స్పృహలేని బిడ్డను ఎవరో తెలియనివారు ఆస్పత్రికి తెస్తే, తలలో అయస్కాంతం ఉందని చెప్పేదెవరు? అందుకని ఆ కార్డు నకలు బడి సంచిలో ఒకటి, తండ్రి పర్సులో ఒకటి ఉంచండి. ఏ ఇతర ఆపరేషను వచ్చినా, ఫిజియోథెరపీలో కరెంటు పెడతామన్నా ముందుగా ఆ కార్డు చూపండి.

ఇంకొక మాట. ఈ పిల్లలకు మెదడు పొరల జ్వరం వచ్చే అవకాశం ఇతరులకంటే కొంచెం ఎక్కువ. న్యుమోకాకల్ టీకా తప్పక వేయించండి. చెవి నొప్పి, చెవిలో చీము వస్తే ఆ రోజే చూపండి. జ్వరంతోపాటు వాంతులు, మెడ బిగుసుకుపోవటం ఉంటే అర్ధరాత్రయినా ఆగవద్దు.

మీరు అడిగిన ప్రశ్నలు

"ఇంత ఖర్చు మేమెక్కడ భరిస్తాము?" అని కోదాడలో ఒక తండ్రి అడిగారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు మామూలు జబ్బులకు కుటుంబానికి పరిమితి 2 లక్షలు ఉండేది. ఈ ఒక్క ఆపరేషనుకు, మాట నేర్పే శిక్షణతో కలిపి, 6 లక్షల 50 వేల రూపాయల వరకు ఇచ్చేవారు. కూలి చేసుకునేవారి పిల్లలు కూడా వినగలిగారంటే అదే కారణం. 2014 నుంచి కేంద్ర ప్రభుత్వ ఏడిఐపి పథకంలోనూ ఈ పరికరం చేరింది. వయసు నియమాలు మారుతుంటాయి. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆస్పత్రిలో కూడా ఈ ఆపరేషను చేస్తారు. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆర్.బి.ఎస్.కె. వైద్య బృందానికి చూపినా వారు పై ఆస్పత్రికి రాసిస్తారు.

"ఎప్పుడు చేయించాలి?" ఆలస్యం చేయవద్దు. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు చెవుడు ఉందా లేదా తేల్చుకోవటం, ఆరు నెలల్లోపు చికిత్స మొదలుపెట్టటం మంచి పద్ధతి. "వాళ్ళ నాయనకు గూడ ఆలస్యంగనే మాటలొచ్చినయి" అని ఎదురుచూస్తే మాట నేర్చుకునే వయసు దాటిపోతుంది. మేనరికం చేసుకున్నవారు, ఇంట్లో ఇదివరకే చెవుడు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అయితే ఈ ఆపరేషను అందరికీ పనికిరాదు. వినికిడి నరమే లేని పిల్లలకు దీనివల్ల ఫలితం ఉండదు. అలాంటి బిడ్డకు సైగల భాష నేర్పించి చదివించండి. అది తక్కువ భాష కాదు.

"ఆపరేషను కాగానే మాట్లాడతాడా?" మాట్లాడడు. పరికరం శబ్దాన్ని ఇస్తుంది. దాన్ని మాటగా గుర్తించటం నేర్పాలి. అందుకు ఏళ్ళ తరబడి శిక్షణ, ఇంట్లో మీ మాట, రెండూ కావాలి. మిషను మేలుకున్నంతసేపూ పెట్టుకుంటేనే అది కుదురుతుంది. పుండు వల్ల పోయే ప్రతి రోజూ మాట నేర్చుకునే రోజే.

మిర్యాలగూడలో ఒక కాలేజీ అబ్బాయి అడిగాడు: "సిస్టర్, కొందరు సరదాకు వేలి చివర చర్మం కింద అయస్కాంతం పెట్టించుకుంటారట, నిజమేనా?" నిజమే. అమెరికా వంటి చోట్ల 2000ల మధ్య నుంచి కొందరు అలా చేస్తున్నారు. అక్కడా ఇదే లెక్క. పైపైన పెడితే చర్మం చీల్చుకొని బయటికి వస్తుంది. లోతుగా పెడితే దాని ప్రభావం వేలికి తెలియదు. పైపూత పగిలితే లోపలి లోహం ఒంట్లో కలుస్తుంది. జీవితంలో ఎప్పుడైనా ఎం.ఆర్.ఐ. అవసరమైతే అదొక అడ్డంకి. చెవిటి బిడ్డకు పెట్టే అయస్కాంతం వెనుక అవసరం ఉంది, సర్జన్ ఉన్నారు, కార్డు ఉంది. సరదా అయస్కాంతం వెనుక ఇవేవీ ఉండవు. వద్దు నాయనా అని చెప్పాను.

చివరిగా

అయస్కాంతాన్ని సరైన లోతులో పెట్టటం సర్జన్ పని. అది ఒక్క రోజు పని. దాని మీది చర్మాన్ని చూసుకోవటం మీ పని. అది ప్రతి రాత్రి పని. పట్టుమని ఒక నిమిషం పడుతుంది. మిషను తీయండి, వెలుతురులో చూడండి, వేలితో తాకండి. అనుమానం వస్తే ఎవరు "చెమటకాయలే" అన్నా వినకండి. ఆ అన్నది నర్సమ్మ అయినా సరే, "కాయిల్ తీసి, కింద సరిగ్గా చూడండి సిస్టర్" అని అడగండి. అలా అడిగే హక్కు మీకు ఉంది.